చెలమ దగ్గరి పసుపు వైరు

ఇలా రండి, ఈ చాప మీదికి. గుమ్మం దగ్గర కాదమ్మా, ఇంకొంచెం లోపలికి జరగండి. ఇవాళ సముద్రం హోరు ఎక్కువగా ఉంది. దూరంగా కూర్చుంటే నా మాటల్లో సగం అదే మింగేస్తుంది. పిల్లల్ని ఒళ్ళో వేసుకోండి. నిద్రొస్తే పడుకోనివ్వండి, నిద్రలో విన్నా వినపడే సంగతే ఇది.

మా పుట్టిల్లు గుడివాడ పక్కన. ఇంటి వెనకే పంటకాలవ. నీళ్ళంటే నాకు ఎర్రగా, నిండుగా, ఒడ్డు ఒరుసుకుంటూ నడిచిపోయేవి. బిందె ముంచితే నిండేది. పెళ్ళయి దివిసీమ చివరికి, పాలకాయతిప్పకి కాస్త ఇవతల ఉన్న ఈ పల్లెకి వచ్చాక చూస్తే చుట్టూ నీళ్ళే, నోట్లో పోసుకోవడానికి చుక్క లేదు. ఒక పక్క సముద్రం, ఇంకో పక్క మడ అడవి, దాని మధ్య మెలికలు తిరిగే ఉప్పుటేరు పాయలు. ఎటు చెయ్యి పెట్టినా ఉప్పే. ఈ ఊళ్ళో మనుషులు ఎలా బతుకుతున్నారా అని కొత్త కోడల్ని లోపల్లోపలే బెంగపడ్డాను.

మర్నాడు వేకువన మా అత్తయ్య నన్ను లేపి, చంకలో బిందె పెట్టి, ఇసుక దిబ్బల వెనక్కి తీసుకెళ్ళింది. అప్పటికింకా చీకటీ కాదు, వెలుతురూ కాదు. సరుగుడు చెట్ల కింద మంచు పాకుతోంది. ముందు వెళ్తున్న ఆడవాళ్ళ పాదాలు మంచులో కనపడక, వాళ్ళు నడుస్తున్నట్టు కాకుండా తేలిపోతున్నట్టు ఉన్నారు. దిబ్బల నడుమ పల్లంగా ఉన్న చోట అత్తయ్య మోకాళ్ళ మీద కూర్చుని కొబ్బరి చిప్పతో ఇసుక తీసింది. పసిపిల్ల నోటికి అన్నం పెట్టినంత మెల్లగా తీసింది. కాసేపటికి ఇసుక నల్లబడింది. ఇంకాసేపటికి అడుగున కన్ను విప్పినట్టు నీళ్ళు ఊరాయి. మొదటి చిప్ప పక్కన పారబోసి, రెండోది నా దోసిట్లో పోసింది.

తియ్యగా ఉన్నాయి. కేక వేస్తే వినపడేంత దూరంలో సముద్రం ఉంది. దాని తడి గాలి మొహానికి కొడుతుండగానే, నా నోట్లో మాత్రం లేత కొబ్బరి నీళ్ళ తీపి. కల గంటున్నానేమో అనుకున్నాను.

"ఇదేనే చెలమంటే" అంది అత్తయ్య. "మోచెయ్యి మునిగేదాకా తియ్యొచ్చు. ఆపైన తియ్యమాకు."

"తీస్తే ఏమవుద్ది అత్తా?"

"కింద సముద్రం పడుకుని ఉంది పిల్లా. వానాకాలం నీళ్ళు దాని మీద దుప్పటిలా పరుచుకుని ఉన్నాయి. మనం తాగేది ఆ దుప్పటినే. చింపావనుకో, అది లేచి కూర్చుంటది."

ఆ పల్లంలోకి పార గానీ గునపం గానీ దించకూడదని మా పల్లె కట్టడి. చెయ్యి, కొబ్బరి చిప్ప, అంతే. ఎండెక్కే ముందు నీళ్ళు తోడుకోవాలి. తోడుకున్నాక ఇసుకతో పూడ్చి రావాలి, లేకపోతే పీతలు వచ్చి కలచేస్తాయి. మర్నాడు మళ్ళీ తియ్యాలి. ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా, ఎవరు పోయినా, ఆ పని ఆగదు. అత్తయ్యకి వేరే నీళ్ళు గొంతు దిగేవి కావు. పంచాయతీ ట్యాంకరు వచ్చిన రోజున కూడా అవి గిన్నెలు తోమడానికే. "ఆ నీళ్ళు తాగితే నోరు కడుక్కున్నట్టుంటది గానీ దాహం తీరదు" అనేది.

ఇక మడ అడవి. దాన్ని మీరు పడవ ఎక్కి చూడాలి. చెట్లు వేళ్ళ మీద లేచి నిలబడి ఉంటాయి, బట్ట తడవకుండా ఎత్తి పట్టుకున్న ఆడవాళ్ళలాగా. బురదలోంచి సన్నటి వేళ్ళు పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తుంటాయి. పోటు వచ్చేటప్పుడు చప్పుడు ఉండదు. చూస్తుండగానే బురద అద్దమైపోతుంది, అద్దంలో ఇంకో అడవి తలకిందులుగా మొలుస్తుంది. మా ఆయన, మా మరిది ఆ పాయల్లో మండపీతలు పట్టేవాళ్ళు. నేను ఒడ్డున కూర్చుని బుట్టలకి తాళ్ళు కట్టేదాన్ని. అలా కూర్చున్నప్పుడు ఎన్నోసార్లు కళ్ళు మూతలు పడ్డాయి. ఆ అడవిలో మేలుకుని ఉండటమూ, నిద్రపోవడమూ ఒకదానికొకటి పెద్ద తేడా లేదు.

మా మరిది మధ్యలో కొన్నేళ్ళు ఇక్కడ లేడు. సముద్రం దాటి ఆఫ్రికాలో ఏదో దేశం వెళ్ళాడు. ఆ దేశం పేరు చెప్పేవాడు, నా నోరే తిరిగేది కాదు. అక్కడ పెద్ద వానల అడవిలో నూనె తవ్వేవాళ్ళ క్యాంపులో వంట చేశాడు. తిరిగొచ్చినప్పుడు మనిషి బాగానే ఉన్నాడు, నవ్వేవాడు, మా అందరికీ చొక్కా గుడ్డలు తెచ్చాడు. ఒక్కటే కొత్త అలవాటు. గ్లాసు చేతికిస్తే ముందు వాసన చూసేవాడు.

"నేనేమన్నా మందు కలిపానా అబ్బాయ్?" అని ఎగతాళి చేశాను ఒకసారి.

"నువ్వు కలపవులే వదినా. నీకంత తెలివెక్కడిది?" అని నవ్వి తాగేశాడు. ఎందుకలా చేస్తాడో మాత్రం చెప్పలేదు. నేనూ అడగలేదు.

ఏదో సర్వే అంటూ మనుషులు వచ్చిన ఏడు మొదట అడవిలో గీత పడింది. ఉప్పుటేరు అవతలి నుంచి మడ చెట్లు నరుక్కుంటూ, తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఒక దారి తీశారు. ఆ దారెంట వైర్లు పరిచారు, కొమ్మకొమ్మకీ గులాబీ రంగు రిబ్బన్లు కట్టారు. అడవిలో అంతవరకూ తిన్నగా ఉండేది ఏదీ లేదు. పాయలు వంకర, వేళ్ళు వంకర, పీత నడక వంకర. ఆ తిన్నటి గీతని చూస్తే నాకు కళ్ళు తిరిగినట్టయ్యేది. అటు నుంచి గాలి కొత్త గొంతుతో వచ్చేది.

మా మరిది పడవ ఇంజను పాడైతే బాగుచేయించడానికి బందరు వెళ్ళాడు. అక్కడ మెకానిక్కు రేపూ మాపూ అని తిప్పుకుంటుంటే అక్కడే ఉండిపోయాడు. వాడు ఊళ్ళో లేనప్పుడే సర్వే వాళ్ళు గొట్టాలు దించడానికి మా పల్లెలోకి వచ్చారు. ట్రాక్టరు మీద ఇనప గొట్టాలు, మూడు కాళ్ళ చట్రం, నీళ్ళ పంపు. అచ్చం మెట్ట ఊళ్ళలో చేతి బోరు వేసే సామానే. మాకు ఇంకేం తోస్తుంది? ఓట్ల ముందు జీపుల్లో వచ్చిన ప్రతి ఒక్కరూ "మీకు మంచినీళ్ళ బోరు వేయిస్తామమ్మా" అని దణ్ణం పెట్టి వెళ్ళినవాళ్ళే. ఇన్నాళ్ళకి ఎవరికో గుర్తొచ్చిందనుకున్నాం.

వాళ్ళ లెక్క ప్రకారం గొట్టం దించాల్సిన చోటు మా ప్రార్థన మందిరం పక్కన, సమాధుల మధ్య పడింది. పాస్టరు గారు చేతులు జోడించి, "ఇక్కడ మా పెద్దలు పడుకుని ఉన్నారు, కాస్త పక్కకి జరపండి నాయనా" అన్నారు. వాళ్ళ మేస్త్రీ మంచివాడే, కొంచెం అటూ ఇటూ జరపొచ్చు, పర్లేదన్నాడు. మా ఇంటి ముందు నీడలో కూర్చుని తుండుతో మొహం తుడుచుకున్నాడు.

"ఏ ఊరు నాయనా మీది?" అని అడిగింది అత్తయ్య.

"ఘంటసాలండి."

"అయితే మా కోడలికి అన్నవే. అదీ పైన గుడివాడ పిల్లే. ఇక్కడికొచ్చాక నల్లబడింది గానీ, అప్పట్లో బియ్యప్పిండి రంగు."

"అయితే ఏం చెల్లెమ్మా, అన్నకి మంచినీళ్ళైనా ఇవ్వవా?" అన్నాడు నా వంక తిరిగి.

చెంబుతో ఇచ్చాను. గటగటా తాగి, ఆగి, చెంబు లోపలికి చూశాడు. "అబ్బ! కాలవ నీళ్ళు కూడా ఇంత బావుండవు. ఈ ఉప్పు పర్ర నేలలో ఇవెక్కడివి?"

మా దగ్గర ఒక పద్ధతి ఉంది. వచ్చినవాడు తినేదాకా "ఏం పని మీద వచ్చావు" అని అడగరు. తిన్నాక అడగాలని ఎవరికీ గుర్తుండదు. ఆ రోజు మండపీతల పులుసు వండాను. మేస్త్రీ, కూలీలు వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. అప్పుడు అత్తయ్య లేచి, చెంగు దోపుకుని, "రా నాయనా, ఆ నీళ్ళెక్కడివో చూపిస్తా. మీ గొట్టం అక్కడ దించుదురు గాని" అంది.

నేను ఆమె చెంగు పట్టుకుని ఆపాను. "అత్తా, ఆ పల్లంలోకి ఇనుం దించకూడదుగా?"

ఆమె నా వంక చూసిన చూపు నాకిప్పటికీ కళ్ళముందుంది. చిన్నపిల్ల మొహం పెట్టింది. "మనం దించకూడదే. జ్వరమొస్తే మనం సూది గుచ్చుకోం, డాక్టరు గుచ్చుతాడు కదా? పైన తీపి ఉన్నచోట అడుగున కూడా తీపే ఉంటది. సర్కారోళ్ళకి తెలవదా? నేను నా నడుం ఎలాగూ వంచేశాను. నీ నడుమన్నా నిలబడనీ."

అంత ప్రేమకి ఎవరు ఎదురు చెప్తారు? పల్లె ఆడవాళ్ళంతా వెనక నడిచారు. సరుగుడు సూదులు కాళ్ళ కింద మెత్తగా ఉన్నాయి. పల్లంలో మూడు కాళ్ళ చట్రం నిలబెట్టారు. పాస్టరు గారు ప్రార్థన చేశారు. "ఆమెన్" అన్నాక గొట్టం ఇసుకలోకి దిగింది. ఎంత సుళువుగా దిగిందంటే, మాకు ముచ్చటేసింది. బురద నీళ్ళు బుడబుడమంటూ పైకొచ్చాయి. పక్కింటి పిన్ని, "రేపట్నుంచి పొద్దెక్కేదాకా పడుకుంటానమ్మోయ్, ఎవరూ లేపకండి" అని అందర్నీ నవ్వించింది.

మర్నాడు వేరే మనుషులు వచ్చారు. వాళ్ళు తెలుగువాళ్ళు కాదు, మాట్లాడలేదు. గొట్టంలోకి కడ్డీల్లాంటివేవో దించి, పైన ఇసుక కూరి, ఒక పసుపు వైరు మాత్రం బయటికి వదిలి, పక్కన చిన్న జెండా పాతి వెళ్ళిపోయారు. మోటారు బిగించడానికి కరెంటు వైరు వదిలారనుకున్నాం. మేకలు కొరుకుతాయని అత్తయ్య తుమ్మ కంప తెచ్చి ఆ వైరు చుట్టూ దడి కట్టింది. వెళ్ళే ముందు దాన్ని ఒకసారి తలకు నూనె రాసినట్టు నిమిరింది కూడా.

ఆ సాయంత్రమే మా మరిది బందరు నుంచి ఆటోలో ఇంజను వేసుకుని దిగాడు. ఇంజను దించకుండానే, "దిబ్బల మీద ఆ జెండా ఏంటి?" అన్నాడు. "మనకి బోరు పడిందిరా!" అని అత్తయ్య వాడి చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. నేనూ వెనకే వెళ్ళాను. వాడు దడి అవతల నిలబడి ఆ పసుపు వైరు వంక చూశాడు. చూసి, అత్తయ్య చేతిలోంచి తన చెయ్యి విడిపించుకున్నాడు.

"ఇక్కడికి వీళ్ళనెవరు తీసుకొచ్చారమ్మా?"

"నేనేరా. ఏం?"

"అది మోటారు వైరు కాదమ్మా. అడుగున మందుగుండు పెట్టారు. దాన్ని పేలుస్తారు. ఆ చప్పుడు భూమిలోకి దిగి, తగిలి, వెనక్కొస్తది. అది విని కింద నూనె ఉందో, గ్యాసు ఉందో చెప్తారు."

అత్తయ్య తన కాళ్ళ కింది ఇసుక వంక చూసింది. "నూనా? మన కిందా?"

"ఉంటే మళ్ళీ వస్తారు. లేకపోతే వెళ్ళిపోతారు. నీళ్ళకి మాత్రం రెండూ ఒకటే, ఆ దెబ్బకి కింది ఉప్పు పైకి లేస్తది."

ఎవరో కబురు చెప్పినట్టు పల్లె ఒక్కొక్కరే దిబ్బల మీదికి వచ్చి చేరారు. పొద్దు మడ అడవి వెనక్కి జారుతోంది. తాడుతో గీసిన ఆ తిన్నటి దారిలోంచి ఎర్రటి వెలుగు పొడుగ్గా వచ్చి మా కాళ్ళ మీద పడింది. అప్పుడు మా మరిది, అన్నేళ్ళు నోరు విప్పనివాడు, ఆ వానల అడవి సంగతి చెప్పాడు.

అక్కడ వాన నేల మీద పడదట. ముందు పైఆకు మీద, అక్కణ్ణుంచి కిందాకు మీద, దానిమీద నుంచి ఇంకో ఆకు మీద, అలా దిగుతూ దిగుతూ, పైన వాన వెలిసిన చాలాసేపటికి కింద మనిషి తడుస్తాడట. చెట్లు ఎంత ఎత్తంటే వాటి తలల్లో వేరే ఊరు ఉన్నట్టు, ఎవరివో కేకలు, రెక్కల చప్పుళ్ళు. ఆ అడవి మధ్యలో చదును చేసిన మైదానం. అందులో ఒక గొట్టం చివర మంట. రాత్రీ పగలూ ఆరని మంట. దాని చుట్టూ చీకటి పడటం మానేసిందట. క్యాంపు కోళ్ళు ఎప్పుడు కూయాలో తెలియక వేళాపాళా లేకుండా కూసేవట. పురుగులు వానలా వచ్చి అందులో పడేవట. పొద్దున లేచి చూస్తే వంటింటి రేకు మీద రెక్కలు పొట్టులా పేరుకునేవట.

పక్కనే ఏరు. దాని మీద ఇంద్రధనుస్సు రంగుల పొర తేలుతుండేది. చూడటానికి నెమలి మెడలా ఎంతో బావుండేదట. ఆ ఊరి ఆడమనిషి ఒకామె అరటి గెలలు తెచ్చి వంటింట్లో ఇచ్చేది, బదులు బియ్యం పట్టుకెళ్ళేది. ఆమె ఏటి ఒడ్డున వంగి, చేతి వెనక వైపుతో ఆ పొరని అటు తోసి, అది మళ్ళీ కమ్ముకునేలోపు కుండ ముంచేదట. చంకలో పిల్లకి ఒళ్ళంతా పుళ్ళు.

"క్యాంపులో సీసా నీళ్ళుండేవి. బయటోళ్ళకి ఇవ్వకూడదని రూలు" అన్నాడు. "నేను గంజి ఇచ్చేవాణ్ణి. మనం వార్చి పారబోస్తామే, ఆ గంజే. సీసా నీళ్ళతో వండిన అన్నం గంజి. దానికి రూలు లేదు. ఆమె రోజూ వచ్చేది. మన గంజిని వాళ్ళ భాషలో ఏదో పేరెట్టి పిలిచేది. తరవాత కొన్నాళ్ళకి వాళ్ళ వాడలో ఒక్కో ఇల్లూ ఖాళీ అయింది. ఏరు ఎగువకి వెళ్ళిపోయారన్నారు. పైన కూడా గొట్టాలు దిగుతున్నాయని మాకు తెలుసు. గంజి వార్చి గిన్నె గుమ్మంలో పెట్టి చూశాను వదినా. అది తొరక కట్టింది. ఆమె రాలా."

 అలల చప్పుడు ఆగి ఆగి వినపడింది. నాకు ఆ అడవీ మా అడవీ ఒకదాన్లో ఒకటి కలిసిపోయాయి. ఎరుగని ఆ ఆడమనిషి మా పాయ ఒడ్డునే వంగి నిలబడి, చేతి వెనక వైపుతో నీళ్ళు తోస్తున్నట్టు కనపడింది.

అత్తయ్య ముందుగా లేచింది. "పడవ తియ్యరా. ఆ పైనున్న ఆఫీసరు దగ్గరికి పోదాం. పెట్టినోడు తియ్యలేడా?"

కొత్తగా బాగుపడిన ఇంజనుతో పాయ దాటి వెళ్ళాం. దీపాలు పెట్టే వేళకి అవతలి ఊరి బడిలో వాళ్ళ బస దగ్గరున్నాం. ఆఫీసరు కుర్రవాడే. పైన అస్సాం వైపు మనిషి. ఘంటసాల మేస్త్రీ మధ్యలో నిలబడి మా మాటలు హిందీ చేసి చెప్పాడు. చెప్తూ చెప్తూ అతనే తల దించుకున్నాడు. "నీళ్ళ కోసం అనుకున్నారా అమ్మా? ఒక్క మాట అడగొచ్చుగా!" అన్నాడు మాతో.

"నువ్వు మా అన్నం తింటుంటే ఎలా అడుగుతాం నాయనా?" అంది అత్తయ్య. అందులో దెప్పు లేదు, ఉన్న మాట.

ఆఫీసరు అంతా విని కుర్చీలోంచి లేచాడు. అత్తయ్యని ఆ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఒకసారి దించిన మందుగుండుని పైకి తియ్యకూడదనీ, తియ్యబోతే మనుషులు పోతారనీ, పేల్చకుండా వదిలేస్తే మీ పిల్లలు ఆడుకునే ఇసుక కింద అది అలాగే ఉండిపోతుందనీ చెప్పాడు. దారి ఉంటే తీసేవాణ్ణేనన్నాడు. తర్వాత మెల్లగా, "మా ఊరూ అడవే. మా తాతల నాటి నుంచీ తవ్వుతున్నారు. మా అమ్మ కూడా నీళ్ళ గురించే మాట్లాడుతుంది" అన్నాడు. మేస్త్రీ ఆ మాట కూడా తెలుగు చేశాడు. అత్తయ్య కుర్చీలోంచి అతని చెయ్యి తట్టింది. తిరిగొచ్చేటప్పుడు ఒడ్డు దగ్గర ఇంజను ఆపి తెడ్డేస్తుంటే, తెడ్డు మొన నీళ్ళు తాకిన చోటల్లా మిణుగురుల్లా వెలుగు లేచింది. అది మా పాయల్లో మామూలే. ఆ రోజు మాత్రం ఎవరూ అటు చూడలేదు.

పొద్దున్నే అందర్నీ దిబ్బల అవతలికి పంపేశారు. ఆఫీసరు తనే వచ్చి నిలబడ్డాడు. పెద్ద చప్పుడవుతుందని చెవులు మూసుకున్నాం. అంత చప్పుడేం కాలేదు. నిద్దట్లో ఎవరో బలంగా పక్కకి దొర్లినట్టు నేల ఒక్కసారి కదిలింది. పల్లంలోంచి తెల్లటి నీళ్ళ చిమ్ము లేచి, సరుగుడు కొమ్మలంత ఎత్తున కాసేపు పువ్వులా నిలబడి, రాలిపోయింది. ఉప్పుటేరు గట్టు మీద కన్నాల్లోంచి పీతలన్నీ ఒక్కసారి బయటికొచ్చి, ఎర్రటి డెక్కలెత్తి, ఎటు పోవాలో తెలియక అలాగే ఉండిపోయాయి. గట్టంతా ఎర్రగా పూసినట్టయింది. అంత అందమైనదీ, అంత దిగులైనదీ నేను మళ్ళీ చూడలేదు.

వాళ్ళు వైర్లు చుట్టుకుని వెళ్ళాక అత్తయ్య చిప్ప పట్టుకుని పల్లంలోకి దిగింది. మోచేతి లోతు కూడా అక్కర్లేదు, నీళ్ళు తొందరపడి వచ్చేశాయి. మొదటి చిప్ప పారబోసింది. రెండోది నోట్లో పోసుకుంది. మేమంతా ఆమె గొంతు వంక చూస్తున్నాం. మింగలేదు. ఉమ్మనూ లేదు. చాలాసేపు అలాగే బుగ్గలో పట్టుకుని కూర్చుంది. తర్వాత పక్కకి తిరిగి, ఎవరికీ కనపడకుండా చెంగు అడ్డం పెట్టుకుని, వదిలేసింది.

ఆ తర్వాతి సంగతి మీరు చూస్తున్నదే. ఇప్పుడు అవనిగడ్డ నుంచి ఆటోలో నీళ్ళ టిన్నులు వస్తున్నాయి. మోపిదేవి గుడికి వచ్చే జనానికి అమ్మే నీళ్ళే మాకూ. అత్తయ్య అవే తాగింది, మందు మింగినట్టు కళ్ళు మూసుకుని. ఎవర్నీ ఏమీ అనలేదు. తనని తను కూడా అనుకోలేదు, అదే నాకు ఊరట. పక్కింటి పిన్ని ఒకసారి నోరు జారి, "నువ్వు చూపించకపోతే ఈ బాధ ఉండేది కాదు" అంటే, "అవునే, నేనే చూపించాను. చూపించకపోతే సమాధుల్లో దించేవోళ్ళు. అప్పుడు మీ ఆయన లేచొచ్చి నీళ్ళు అడిగేవాడు" అంది. పిన్ని ఏడవబోయి నవ్వింది.

కింద నూనె ఉందో లేదో ఎవరూ వచ్చి చెప్పలేదు. మడ అడవిలో ఆ గీత పూడలేదు. అందులోంచి పోటు నీళ్ళు తిన్నగా వచ్చేస్తున్నాయి, మెలికలు తిరిగే ఓపిక లేనట్టు. ఆ దారి పక్కన పీతలు తగ్గాయి. మబ్బు లేని సాయంత్రాలు సముద్రం మీద, బాగా దూరాన, ఒక మంట కనపడుతుంది. తెలియనివాళ్ళు చుక్క అనుకుంటారు. మా మరిది దానికి వీపు తిప్పి కూర్చుని వల అల్లుకుంటాడు. మళ్ళీ ఆ దేశం రమ్మని కబురొస్తే వెళ్ళలేదు. వాడు ఇంట్లో ఉన్న రోజు అన్నం వార్చేది వాడే.

అత్తయ్య మాత్రం పల్లాన్ని వదల్లేదు. వాన పడిన ప్రతిసారీ, మర్నాడు వేకువన చిప్ప పట్టుకుని వెళ్ళేది. ఇనప గొట్టం దిగిన చోటికి దూరంగా, పక్కకి, ఇంకా పక్కకి తీసి చూసేది. నోట్లో పోసుకోవడం, చెంగు అడ్డం పెట్టుకుని వదిలేయడం. మొదటి వానాకాలం అలాగే గడిచిపోయింది. రెండోది కూడా. నేను బిందె లేకుండానే ఆమె వెంట వెళ్ళేదాన్ని, చెయ్యి పట్టుకోవడానికి. ఆమెకి అప్పటికే చూపు మందగించింది. నాలుక మాత్రం అలాగే ఉంది.

పోయిన ఏడాది కార్తీకంలో, రోజంతా ముసురు పట్టి వెలిసిన మర్నాడు, ఇద్దరం వెళ్ళాం. ఇసుక కడిగిన బియ్యంలా ఉంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చోలేక పక్కకి వాలి, చిప్పతో కొంచెం తీసింది. జానెడు లోతుకే నీళ్ళు ఊరాయి. మొదటి చిప్ప పారబోసింది. రెండోది నోట్లో పోసుకుంది. నేను అలవాటుగా చెంగు పట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

ఆమె మింగింది.

"తీపేనా అత్తా?" అని అడిగాను.

ఆమె తొందరపడలేదు. నాలుక పెదాల మీద తిప్పుకుంది. "ఉప్పేనే" అంది. "కాకపోతే, నిన్నటి ఉప్పు కాదు."

ఇసుక తనే మెల్లగా పూడ్చింది. పైన అరచేత్తో సమం చేసింది. ఆ చలికాలం వెళ్ళకముందే ఆమె సమాధుల్లో తన వాళ్ళ పక్కకి వెళ్ళిపోయింది. వాన వెలిసిన వేకువల్లో ఇప్పుడు నేను వెళ్తున్నాను. ఇంకా ఇంటికి బిందె నింపి తెచ్చింది లేదు. కానీ నోట్లో పోసుకున్నది ఈ మధ్య ఉమ్మడం లేదు.

ఇక లేవండి, పిల్లలు నిద్రలోకి జారుకున్నారు. మీ ఇంటి గడప చల్లగా ఉండాలి. మీ పొయ్యి వేళకి వెలగాలి, వేళకి ఆరాలి. మీ వాకిట్లో ఎవరు దాహమని నిలబడినా లేదనకుండా ఇచ్చే చెయ్యి మీ ఇంట పుడుతూనే ఉండాలి. దేవుడు మీ కుటుంబాన్ని కాయాలి తల్లీ, వెళ్ళి రండి.